చిన్నోడి బండి

మలుపులో బండికి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు చిన్నోడు. నేను బ్రేకు తొక్కిన తొక్కుడికి వెనక ఉన్న దూది మూటలన్నీ ముందుకు దొర్లి నా వీపు వెనక రేకుకు కొట్టుకున్నాయి. యాభై దాటాక బండి నేర్చుకున్న మనిషికి ఎవరూ ఇలాంటి పరీక్ష పెట్టకూడదు.

“చావాలనుంటే పెద్ద లారీ ఏదైనా చూసుకోరా! నా బండే దొరికిందా నీకు?” అని కిటికీలోంచి అరిచాను.

“నీ బండి కాదక్కా. అది నా బండి,” అన్నాడు వాడు.

వెనకవాళ్ళు హారన్లు మోగిస్తున్నారు. బండి ఓ పక్కకు తీసి ఆపి దిగాను.

“మీ అన్నే కదరా ఇచ్చింది. నేనేమైనా గోడ దూకి తోలుకొచ్చానా?”

“ఆయనదైతే ఆయన ఇచ్చుకోవచ్చు. నా బండి ఇవ్వడానికి ఆయనెవరు?”

“నిన్ను అడిగే ఇస్తున్నానన్నాడే!”

“నన్నా? మా అన్న నాతో మాట్లాడి ఏడాది దాటిందక్కా. నీకు తెలియదా?”

తెలుసు. వీధి మొత్తానికీ తెలుసు.

మాది పరుపులు కుట్టే పని. మా ఆయన దూది ఏకుతాడు, నేను గుడ్డ కత్తిరించి నింపి కుడతాను. మా ఎదురుగా ఉన్నదే ఈ అన్నదమ్ముల చెక్క సామాన్ల కొట్టు. మంచాలు, బీరువాలు, బల్లలు చేస్తారు. కోత, బేరం పెద్దోడివి. పాలిష్ పెట్టడం, తయారైన సామాను ఇళ్ళకు చేర్చడం చిన్నోడివి. కొట్టు ఇద్దరిదీ గానీ, సామాను మోసే ఈ వ్యాను బండి మాత్రం చిన్నోడిదే. ఎవరి దగ్గరో కొన్నేళ్ళు డ్రైవరుగా చేసి, కడుపు కట్టుకుని కొనుక్కున్నాడు. ఇద్దరూ నాకంటే చిన్నవాళ్ళే. నన్ను అక్కా అనే పిలుస్తారు.

గొడవ ఒక బీరువా అద్దం దగ్గర వచ్చింది. గుంతలో బండి ఎగిరిపడి అద్దం పగిలింది. పెద్దోడు, కొన్నవాళ్ళ ముందే, “నీకు బండెందుకురా, గాడిదల్ని తోలుకో పో” అన్నాడు. చిన్నోడు మారు మాట్లాడకుండా తాళంచెవి తీసుకెళ్ళి కొట్లో మేకుకు తగిలించాడు. అన్న తన చేత్తో తీసి ఇచ్చేదాకా ముట్టకూడదని వాడి పంతం. వాడే విసిగి వదిలేశాడని అన్న లెక్క. ఈ రెండు సంగతులూ ఒకరికొకరు చెప్పుకుని ఉంటే గోటితో పోయేది. బండి మాత్రం పెరట్లో ఎండకు ఎండి వానకు నానింది.

అలాగని వాళ్ళు విడిపోయారా అంటే అదీ లేదు. ఒకే కొట్టు, ఒకే ఇల్లు, ఒకే పొయ్యి. మాటలే లేవు. ఇటు మాట అటు, అటు మాట ఇటు మోసేది పెద్దోడి భార్య. అందుకే వీధిలో అందరూ ఆవిడను పోస్టు వదిన అంటారు. ఆవిడ మోసే పద్ధతి ఒకటుంది. “ఆ మొద్దు ఇవాళైనా మంచానికి రెండో పూత వేస్తాడేమో అడుగు” అని మొగుడంటే, ఆవిడ వెళ్ళి “మంచానికి రెండో పూత వేస్తావా నాయనా” అంటుంది. “ఆయనకు కళ్ళు కనబడవా, పొద్దున్నే వేశాను” అని మరిది విసుక్కుంటే, తిరిగొచ్చి “పొద్దున్నే వేశాడటండీ” అంటుంది. కోపాన్ని చెరిగి అవతల పోసి, మిగిలిన గింజలు పట్టుకెళ్ళడం ఆవిడ పని. ఆ చేటే లేకపోతే ఆ ఇల్లు ఎప్పుడో రెండు ముక్కలయ్యేది.

నేను తోపుడుబండి మీద పరుపులు తోసుకెళ్ళడం పెద్దోడు రోజూ చూసేవాడు. మా ఆయనకు నడుము పట్టేసినప్పటి నుంచీ బరువులు మోయకూడదన్నారు. తోసేది నేనే. నా మోకాలు దాని పాట అది పాడుతుంది. ఒకరోజు పెద్దోడు పిలిచి, “అక్కా, పెరట్లో బండి తుప్పు పట్టిపోతోంది, తీసుకుపో. బదులుగా మా మంచాలకు ఏడాది పాటు పరుపులు కుట్టివ్వు” అన్నాడు. చిన్నోడు ఏమంటాడని అప్పుడే అడిగాను. “అడిగించాను. తీసుకుపొమ్మన్నాడు. కాగితం మీద సంతకం తర్వాత పెట్టిస్తాలే” అన్నాడు. నాకు దేవుడు కనిపించినట్టయింది. టైర్లు మార్పించాను, కొత్త బ్యాటరీ వేయించాను, లోపల పరుపులు తడవకుండా చెక్క పలకలు పరిపించాను. లైసెన్సు చేతికొచ్చిన రోజు మా ఆయనను ఎక్కించుకుని ఊరంతా తిప్పాను. ఆయన రెండు చేతులతో డ్యాష్‌బోర్డు పట్టుకుని నోట్లో ఏదో గొణుక్కుంటూనే ఉన్నాడు.

ఇంతకాలం చిన్నోడికి తెలియకపోవడం ఏమిటని అడగొచ్చు. వాడు ఊరి అవతల కడుతున్న అపార్ట్‌మెంట్లలో బీరువాలకు పాలిష్ పెట్టే పని మీద ఉన్నాడు. చీకటితో పోయి చీకటి పడ్డాక వచ్చేవాడు. పెరటి వైపు తల తిప్పకపోవడం కూడా వాడి పంతంలో భాగమేనట. ఆ రోజు పని తొందరగా ముగిసి తిరిగొస్తుంటే మలుపులో బండి కంటబడింది. మూర్ఖత్వానికి ఇన్ని వివరాలుంటాయని నాకు ఆ రోజే తెలిసింది.

ఆ మలుపులో, బండి పక్కనే నిలబడి వాణ్ణి అడిగాను. “ఇప్పుడు నన్నేం చెయ్యమంటావురా?”

వాడు బండి ముందు గ్రిల్లు మీద చెయ్యి వేసి, తుడిచినట్టుగా ఒకసారి రాశాడు. “నేను మా అన్నను అడగను. నీతో గొడవ పెట్టుకోను. నా బండని చెప్పాను, అంతే. ఇక నీ ఇష్టం అక్కా,” అని నడిచి వెళ్ళిపోయాడు.

పోట్లాడి ఉంటే బాగుండేది. నేనూ నాలుగు అని, అదీ ఇదీ కలిపి మర్చిపోయేదాన్ని. ఇష్టం నా మీద పడేసి పోయాడు.

తిన్నగా పోస్టు వదిన దగ్గరికి వెళ్ళాను. వంటింట్లో ఉంది. విషయం చెప్పగానే చేతిలో గరిటె పక్కన పెట్టి గోడకు ఆనుకుంది.

“చిన్నోణ్ణి అడిగావా లేదా అమ్మాయ్?” అన్నాను. “ నిజం చెప్పు.”

“అడిగాను. ఆ బండి సంగతి ఏం చేద్దామని అడిగాను.”

“ఏమన్నాడు?”

“తాళాలు ఆ మేకుకే వేలాడుతున్నాయిగా, నా బతుకులాగే. ఎవడైనా పట్టుకుపోనీ అన్నాడు. అని తలుపు ధడేలుమని వేసుకున్నాడు.”

“మీ ఆయనకు ఏం చెప్పావు?”

“తీసుకుపోనివ్వమన్నాడని చెప్పాను.” ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “తలుపు సంగతి చెప్పలేదు. ఎప్పుడూ చెప్పను కదా. చెబితే రోజూ యుద్ధమే. అలవాటు కొద్దీ ఆ కోపం తీసేసి చెప్పాను. అసలు మాట ఆ కోపంలోనే ఉందని తట్టలేదు.”

తిడదామని వెళ్ళినదాన్ని తిట్టలేకపోయాను. ఎద్దులూ ఎద్దులూ కుమ్ముకుంటే లేగల కాళ్ళు విరిగినట్టు, ఈవిడా నేనూ మధ్యలో నలిగాం.

పెద్దోడు కొట్లో చెక్కకు రంధ్రాలు వేస్తున్నాడు. మొత్తం చెప్పాను. వాడి ముఖం ముందు తెల్లబడింది, తర్వాత ఎర్రబడింది. తప్పు తెలిసిన మగాడి ముఖానికి ఈ రెండు రంగులూ ఎప్పుడూ ఇదే వరుసలో వస్తాయి.

“ఇచ్చింది ఇచ్చిందే. నువ్వు తిరిగివ్వకు,” అన్నాడు.

“అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, తమ్ముడి బండి నువ్వు దానం చేస్తే నేను పుణ్యం కట్టుకోవాలా?”

“వాడికి కావాలంటే వచ్చి అడగొచ్చు. నోరు లేదా? నువ్వు బండి తెచ్చి నిలబెడితే వీధిలో నా పరువేం కాను? పరాయి సొత్తు పంచిపెట్టాడంటారు.”

“అంటారు. పంచావు కాబట్టి.”

“అక్కా, నీ మోకాలు చూసే ఇచ్చాను. అందులో నా స్వార్థం ఏముంది?” అన్నాడు. ఆ మాట నిజమే.

ఇంటికి వచ్చి మా ఆయనకు చెప్పాను. అసలు చిక్కు అక్కడ మొదలైంది. ఎందుకంటే, బండి ఉందన్న ధైర్యంతో ఆడపిల్లల హాస్టలు వాళ్ళ పరుపులన్నీ ఒప్పుకున్నాను. అంత పెద్ద పని మాకు ఎన్నడూ రాలేదు. సోమవారం సాయంత్రంలోగా గదుల్లో పరిచి ఉండాలని వార్డెను కచ్చితంగా చెప్పింది. ఆలస్యమైతే కంపెనీ ఫోము పరుపులు తెప్పించుకుంటానంది. కుట్టడం దాదాపు అయిపోయింది. ఇల్లంతా పరుపులే. మేమిద్దరం వాటి మధ్య సందులో పక్కకు తిరిగి నడుస్తున్నాం. ఇది చేజారితే హాస్టళ్ళ పని ఇక ఎన్నటికీ రాదు. మళ్ళీ పాత పరుపులకు దూది మార్చే బతుకే.

“సోమవారం దాటాక ఇవ్వు,” అన్నాడు మా ఆయన.

“తెలిశాక వాడితే అది దొంగబండే.”

“వాడు అడగలేదుగా! నీ ఇష్టమన్నాడు.”

“అందుకే.”

ఆయన కాసేపు దూది ఏకాడు. ఆయనకు ఆలోచన ఎప్పుడూ ఆ చప్పుడులోనే వస్తుంది. “సరే, పెద్దోడికి ఇప్పటికే ఎన్నో పరుపులు ఇచ్చాం. మంచాలతో పాటు అమ్ముకున్నాడు. ఆ బదులు తీరేదాకా బండి మన దగ్గరే పెట్టుకో. అది న్యాయమేగా?”

ఒక్క క్షణం నాకూ న్యాయంగానే కనిపించింది. మనకు కావలసింది ఎప్పుడూ న్యాయంగానే కనిపిస్తుంది. తర్వాత మంచి నీళ్ళు తాగి ఆలోచించాను. పరుపులు తీసుకున్నది పెద్దోడు. బండి చిన్నోడిది. అన్న బాకీకి తమ్ముడి బండి కట్టేసుకోవడం ఏ ఊరి న్యాయం?

“పరుపుల లెక్క పెద్దోడితో. బండి లెక్క చిన్నోడితో. రెండూ కలపను,” అన్నాను.

“పోనీ, కొత్త బ్యాటరీ అయినా తీసేసుకో.”

“తీసేస్తే బండి ఎలా పోతుంది? నువ్వు తోస్తావా?”

దానికి ఆయన నడుము పట్టుకుని మూలిగాడు. పలకలు మాత్రం విప్పేశాను. అంత ధర్మాత్మురాలినేం కాను. తోపుడుబండికి పరుపులు జారకుండా అవి కావాలి. విప్పుతుంటే ఏడుపొచ్చింది, దాచేదేముంది. స్టీరింగు పట్టుకున్నప్పుడు నాకు నేనే కొత్త మనిషిలా అనిపించేది. ఎవరినీ సాయం అడగక్కర్లేని మనిషిలా. అది పోతోందని ఏడ్చాను, బండి కోసం కాదు.

మర్నాడు ఇద్దరూ కొట్లో ఉండే వేళ చూసి బండి కడిగి తీసుకెళ్ళాను. పోస్టు వదిన మెట్ల మీద నిలబడి చూస్తోంది. చిన్నోడి చేతిలో తాళంచెవి పెట్టాను.

“టైర్లు కొత్తవి, బ్యాటరీ కొత్తది, అవి నీకే ఉంచుకో. ఎడమ అద్దం దగ్గర గీత ఒకటి పడింది. అది నేను గేటుకు రాశాను, ముందే చెబుతున్నాను.”

తర్వాత పెద్దోడి వైపు తిరిగాను. “నీకిచ్చిన పరుపులకు నువ్వు నాకు బదులు చూడాలి. ఎప్పుడు, ఎలా అన్నది నువ్వే చెప్పు. దానికీ ఈ బండికీ సంబంధం లేదు.”

పెద్దోడు రంపం మీది పొట్టు ఊదుతూ తల ఎత్తలేదు. చిన్నోడు తాళంచెవిని అటూ ఇటూ తిప్పి చూశాడు. చూసి, తిన్నగా వెళ్ళి అదే మేకుకు తగిలించాడు.

నాకు ఒళ్ళు మండింది. “మేకుకు వేలాడదీయడానికా నేను తెచ్చిచ్చింది?” అన్నాను.

“ఇచ్చేశావుగా అక్కా. ఇక నా ఇష్టం,” అన్నాడు.

చేతికొచ్చిన ముద్ద నేనే తీసి వాడి ముందు పెడితే, వాడు తినడు, మూత పెడతాడు! ఇంటికి వచ్చేదాకా నాలో నేనే తిట్టుకుంటూ వచ్చాను. ఎవరిని తిట్టానో నాకే సరిగ్గా తెలియదు.

సోమవారం తెల్లవారుతూనే తోపుడుబండి కట్టాను. ఎన్ని వేసినా పది పరుపులకు మించి పట్టవు. హాస్టలు మిట్ట మీద ఉంది. ఒక్కసారి వెళ్ళి వచ్చేసరికే నా పని అయిపోతుందని తెలుసు. అయినా చేద్దాం, చీకటి పడేదాకా చేద్దాం, మిగిలినవాటికి వార్డెను కాళ్ళు పట్టుకుందాం అనుకున్నాను. మా ఆయన గుమ్మంలో నిలబడి చూడలేక లోపలికి పోయాడు.

మిట్ట మొదలయ్యే చోట తోపుడుబండి ఆగిపోయింది. రెండు అడుగులు ముందుకు తోస్తే ఒక అడుగు వెనక్కి వస్తోంది. ఉన్నట్టుండి బరువు తగ్గింది. పక్కకు చూస్తే పెద్దోడు. చొక్కా చేతులు పైకి మడిచి, భుజం ఆనించి తోస్తున్నాడు.

“కొట్టు మూసేశావా?” అన్నాను.

“మూశాను.”

“ఇదేనా నా పరుపులకు బదులు?”

“ఇది బదులు కాదు. అది వేరే ఇస్తాను.” కాసేపు తోసి, ఆయాసపడుతూ అన్నాడు. “నీకు బండి ఇచ్చింది నేను. ఆ బండి చూసుకునే నువ్వు ఈ పని ఒప్పుకున్నావు. వాడిది వాడికి చేరింది. నేనిచ్చిన మాట ఎటు పోవాలి?”

పరువు పరువని ఏడ్చిన మనిషి, నడివీధిలో తోపుడుబండి తోస్తున్నాడు. మంగలి షాపు ముందు కూర్చున్నవాళ్ళు పేపర్లు దించి మరీ చూశారు. వాడు ఎవరి వైపూ చూడలేదు. ఆ క్షణంలో వాడి మీద నాకున్న కోపమంతా పోయింది.

ఆగి ఆగి సగం మిట్ట ఎక్కామో లేదో వెనక హారను మోగింది. సన్నటి రోడ్డు, దారి ఇవ్వడానికి చోటు లేదు. మళ్ళీ మోగింది. ఆ హారను నాకు తెలుసు. కొంచెం బొంగురు. పెద్దోడికీ తెలుసు, వాడి మెడ బిగుసుకుంది. తిరిగి చూడలేదు.

చిన్నోడు బండి ఆపి దిగాడు. ఇంజను ఆడుతూనే ఉంది. వెనక తలుపు తెరిచి చూపించాడు. మా ఇంట్లో మిగిలిన పరుపులన్నీ లోపల పేర్చి, తాడు కట్టి ఉన్నాయి. మా ఆయనే ఇంటి తలుపు తీసి ఇచ్చి ఉంటాడు.

“ఎవరు పంపారు?” అని అడిగాను.

“ఎవరూ పంపలేదు. కొట్టెందుకు మూసుందని వదినను అడిగితే ఒకటే చెప్పింది. మీ అన్న కొట్టు మూసి, అక్క బండి తొయ్యడానికి పోయాడు, ఇందులో నేను తీసేసిందీ లేదు, కలిపిందీ లేదు అంది.”

వాడే అన్న వైపు వెళ్ళి తోపుడుబండికి కట్టిన తాడు విప్పాడు. పెద్దోడు రెండో పక్క ముడి విప్పాడు. ఒకరు అందిస్తే ఒకరు అందుకున్నారు. ఏళ్ళ తరబడి మంచాలు మోసినవాళ్ళు, చేతులకు మాటల అవసరం లేకపోయింది. తోపుడుబండిని రోడ్డు పక్క స్తంభానికి కట్టేశాం. నన్ను ఎక్కమన్నాడు చిన్నోడు. బండి ముందు ఒకటే పొడుగు సీటు. వాడు స్టీరింగు దగ్గర కూర్చున్నాడు. పెద్దోడు తలుపు పట్టుకుని, నన్ను ముందు ఎక్కమన్నట్టు పక్కకు జరిగాడు.

“నేను మధ్యలో కూర్చోను,” అన్నాను.

ఇద్దరూ నా వైపు చూశారు.

“మధ్యలో కూర్చునే పని మీ ఇంటావిడ చేసి చేసి అలిసిపోయింది. నా వల్ల కాదు. నాకు కిటికీ పక్కనే కావాలి. ఎక్కు.”

వెనక ఇంకో బండి వచ్చి హారను మొదలుపెట్టింది. పెద్దోడు ఒక్క నిమిషం తలుపు పట్టుకునే నిలబడ్డాడు. తర్వాత ఎక్కాడు. కాళ్ళు రెండూ దగ్గరగా ముడుచుకుని, తమ్ముడికి భుజం తగలకుండా కూర్చోవాలని చూశాడు గానీ ఆ సీట్లో అది కుదరని పని. నేను ఎక్కి తలుపు వేసి, కావాలనే కొంచెం లోపలికి జరిగాను.

చిన్నోడు క్లచ్చు తొక్కి గేరు మీద చెయ్యి వేశాడు. రాడ్డు పెద్దోడి మోకాలికి తగిలి ఆగిపోయింది. మళ్ళీ లాగాడు. మళ్ళీ ఆగింది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. అప్పుడు వినపడింది.

“కాలు కొంచెం అటు తియ్యి అన్నయ్యా. గేరు పడట్లేదు.”

పెద్దోడు మోకాలు నా వైపుకు జరిపాడు.

“తీశాను,” అన్నాడు పెద్దోడు. గొంతు సవరించుకుని, “పైన గుంత ఉంది, చూసుకుని పోనీ,” అన్నాడు.

“కనబడుతోందిలే,” అన్నాడు చిన్నోడు.

బండి మిట్ట ఎక్కింది.